ఒక మేకు, ఇద్దరు ఛాంపియన్లు

మా ఇంట్లో టెన్నిసు ఛాంపియన్లు ఇద్దరు. మా మామగారు చెక్క రాకెట్ల కాలంలో ఊళ్లో క్లబ్బుకి ఛాంపియను. ఆయన కొడుకు, అంటే మా ఆయన, ఈ కాలపు ఛాంపియను. నేను మొగల్తూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి టెన్నిసు గురించి నాకేమీ తెలీదు. వచ్చాక తెలిసిందల్లా తెల్ల నిక్కర్లకి నీలం ఎక్కువ పెట్టకూడదని.

తొంభైల చివర్లో ఒక ఆషాఢంలో గొడవ మొదలైంది. టీవీలో ఏదో పెద్ద ఫైనలు వస్తోంది. గెలిచిన కుర్రాణ్ణి చూపించి, ఇప్పటిదాకా పుట్టిన వాళ్లందరిలోకీ ఇతనే గొప్పవాడని ఎవరో ఇంగ్లీషులో అన్నారు. మా మామగారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు.

"వీడా? వీడి చేతికి చెక్క రాకెట్టు ఇచ్చి, పేడతో అలికిన మా కోర్టులో నిలబెట్టమను. బొచ్చు రాలిపోయిన బంతితో ఆడమను. అప్పుడు చెబుతాను గొప్పో కాదో."

మా ఆయన నోట్లో పెసరట్టు ఉంది. అది మింగి మాట్లాడినా బాగుండేది.

"మీ కాలంలో ఆడేవాళ్లే నలుగురు కదండీ నాన్నగారూ. సెమీఫైనల్లో ఓడినవాడే ఫైనలుకి అంపైరు."

అంతే. మామగారు టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయారు. అక్కడితో ఆగిపోవాల్సిన సంగతే. కానీ మా క్లబ్బు కమిటీకి పేకాట తప్ప వేరే పని లేదు. ఆ నెలలోనే కొత్త సిమెంటు కోర్టు పూర్తయింది కాబట్టి, క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచి అందరిలోకీ గొప్ప ఆటగాడి ఫోటో ఒకటి హాల్లో పెట్టాలని తీర్మానించారు. మేకు కూడా ముందే కొట్టేశారు. తేలిన పేర్లు రెండు, రెండూ మా ఇంటివే. రెండో మేకు కొడితే ఏం పోయిందని నేనంటే, తండ్రీకొడుకులిద్దరూ కలిసి నా మీద ఒంటికాలి మీద లేచారు. ఆ పది రోజుల్లో వాళ్లు ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

ఇక చూడండి నా అవస్థ. పెద్దాయన పన్నెండింటికి తింటారు, మా ఆయన రెండింటికి తింటాడు. పప్పు రెండుసార్లు వెచ్చబెట్టాలి. ఒకరు తింటుంటే రెండోవారు వరండాలో వినపడేలా మాట్లాడతారు. ఇప్పటి గ్రాఫైటు రాకెట్టుతో ఎవడైనా ఆడతాడని పెద్దాయన. ఆ రోజుల్లో సర్వీసు కొడితే బంతి వచ్చేలోపు టీ తాగొచ్చని మా ఆయన. మా అత్తగారిది ఇంకో గోల. "బతికున్న మనిషి ఫోటో మేకుకి తగిలిస్తే, తెలీక ఎవడో ఒకడు దండ వేస్తాడు. మా ఇంట్లోంచి ఫోటో కదలడానికి వీల్లేదు," అని ఆల్బం బీరువాలో పెట్టి తాళం చెవి బొడ్లో దోపుకున్నారు.

క్లబ్బు మార్కరుని పిలిచి అడుగుదామన్నది మామగారే. మార్కరంటే కోర్టు చూసుకునే మనిషి. రోలరు లాగడం, సున్నంతో గీతలు గీయడం, ఆడటానికి జోడీ దొరకని మెంబరుకి ఎదురు నిలబడి ఆడటం అతని పని. అరవైకి దగ్గరపడ్డాడు. ఇద్దరూ మంచి ఊపులో ఉన్నప్పుడు ఇద్దరితోనూ ఆడినవాడు అతనొక్కడే. "వాడు నా విషయంలో అబద్ధం ఆడడు," అన్నారు మామగారు. మా ఆయన వెంటనే సరేనన్నాడు. తను రోజూ ఓడించే మనిషి కదా మరి.

సమావేశం ఆదివారం. శుక్రవారం పొద్దున నేను మామగారి గదిలోకి కాఫీ తీసుకెళ్లాను. ఆయన బీరువా అద్దం ముందు నిలబడి, పాత రాకెట్టు పట్టుకుని సర్వీసు కొట్టబోతున్నారు. చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మళ్లీ ప్రయత్నించారు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. మా ఆయనకింకా ఇరవై ఏళ్లు ఆడే ఓపికుంది. ఈయనకి మిగిలింది ఆ మేకొక్కటే. అది ఈయనకే దక్కాలని అప్పుడే అనుకున్నాను.

ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి పట్టుకుని క్లబ్బుకి వెళ్లాను. మార్కరు పాత మట్టి కోర్టులో గీతలు గీస్తున్నాడు.

"పెద్దయ్యగారి పేరే చెప్పాలి మీరు," అన్నాను. మామూలుగా నువ్వు అనేదాన్నే. పనిపడింది కాబట్టి మీరు అన్నాను.

అతను డబ్బా వైపు చూశాడు. "నిన్న చినబాబుగారు కూడా వచ్చారండి. లడ్డూలు తెచ్చారు."

నాకు ఒళ్లు మండింది. ఇంటికి అరకిలో లడ్డూ తెచ్చిన పాపాన పోలేదు ఆ మనిషి. "సరే, నిజం చెప్పండి. ఇద్దర్లో ఎవరు గొప్ప?"

"ఇద్దరికీ ఓడిపోయానండి."

"వాళ్లు ఓడించారా, మీరే ఓడిపోయారా?"

అతను సున్నం చేతులు దులుపుకున్నాడు. "మార్కరు గెలవకూడదండి. గెలిస్తే మెంబరు మర్నాడు రారు. నేను చేరిన రోజే ముందున్న మార్కరు చెప్పాడండి. మరీ తేలిగ్గా ఓడిపోకూడదు, ఆయనకి చిన్నతనం. మరీ కష్టపెట్టకూడదు, ఆయనకి కోపం."

"అయితే మా ఆయన..."

"చినబాబుగారికి ఆరు-రెండండి. ఆదివారం జనం చూస్తారు కాబట్టి ఆరు-నాలుగు."

నాకు నవ్వు ఆగలేదు. రోలరు పట్టుకుని నిలబడ్డాను. పదహారేళ్లుగా ఆ ఆరు-రెండు ఎలా సాధించాడో వింటూ అన్నం వడ్డించాను నేను.

"మరి మామగారికి?"

"ఆయ్, మొదట్లో ఆయనకీ అంతేనండి. ఒకనాడు పట్టేశారు. నెట్టు దాటొచ్చి చొక్కా పట్టుకున్నారండి. 'ఇంకోసారి నా దగ్గర కావాలని ఓడిపోయావంటే ఊరుకోను, ఒట్టెయ్యి' అన్నారు. వేశానండి. అప్పట్నుంచి ఎవరూ రాకముందే, తెల్లారుతూనే వచ్చేవారు. నిజం ఆట ఆడేవాళ్లం. పదకొండేళ్లు."

"ఎవరు గెలిచేవారు?"

నవ్వి, మళ్లీ గీత గీయడానికి వంగాడు.

"మామగారు ఒక్కసారి కూడా గెలవలేదా?"

"దగ్గరిదాకా వచ్చేవారండి. మర్నాడు మళ్లీ వచ్చేవారు. ఓడిపోతానని తెలిసి రోజూ వచ్చిన మెంబరు ఇంకొకరు లేరండి."

ఇంట్లో అన్ని కోతలు కోసే మనిషేనా ఈయన అనుకున్నాను. "అయితే ఫోటో మీది పెట్టాలి కదా," అన్నాను.

"మార్కరు ఫోటో ఎందుకండీ. మెంబర్లు మానేస్తారు."

మామగారి పేరు చెప్పమన్న మాట అప్పుడే వెనక్కి తీసుకోవాల్సింది. తీసుకోలేదు. డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాను. ఇన్నేళ్లయినా ఆ పనికి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆదివారం టిఫిన్లు మా ఇంటి నుంచే కాబట్టి నేనూ క్లబ్బుకి వెళ్లి హాలు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ప్రెసిడెంటుగారు అరగంట మాట్లాడారు. పాత రకం వరినీ కొత్త రకాన్నీ ఒకే కాటాలో పెట్టకూడదనీ, అప్పుడు ఎరువుల్లేవనీ, ఇప్పుడు పాత ఓపికల్లేవనీ చెప్పి, ఎటూ తేల్చకుండా కూర్చున్నారు. అప్పుడు మార్కరుని పిలిచారు. మామగారు ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని అతని వైపే చూస్తున్నారు.

మార్కరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దయ్యగారేనండి గొప్ప. ఆయన ఆడిన రోజుల్లో రోజూ నన్ను ఓడించేవారండి. ఒక్కనాడూ నేను గెలవలేదు."

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా ఆయన ముఖం మాడింది కానీ, తనూ లేచాడు. దగ్గరికెళ్లి "మీరేనండి నాన్నగారూ," అని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మామగారు చెయ్యి వదిలించుకుని బయటికి నడిచారు. సంతోషం పట్టలేక అనుకున్నారు అక్కడివాళ్లు.

ఇంటికొచ్చాక, పది రోజుల తర్వాత రెండు కంచాలూ పక్కపక్కన పెట్టాను. మా అత్తగారు బీరువా తీసి ఫోటో కూడా బయట పెట్టారు. మామగారు లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే చీకట్లో వరండా బల్ల మీద కూర్చున్నారు.

"లేవండి మామయ్యగారూ, చల్లారిపోతున్నాయి. గెలిచింది మీరే కదా."

ఆయన తలెత్తారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒట్టు తప్పాడమ్మా వాడు. ఇన్నేళ్లలో వాడి మీద నేను గెలిచింది ఇవాళొక్కటే. ఇవాళ కూడా వాడే కావాలని ఓడిపోయాడు."