పైపు ఎక్కడిదాకా

మా పొలంలో ఆయిల్ ఇంజను పెట్టాలనుకున్నప్పుడు ఊళ్లో ఇంకెవరికీ లేదు. అప్పటిదాకా కపిల తోలేవాళ్లం. ఎద్దులు ఏటవాలులో దిగితే తోలుబాన నీళ్లతో పైకొచ్చేది. మా ఆయనకు ఇంజను మీద ఎంత మోజంటే, అది రాకముందే దానికి పందిరి వేశాడు. ఎద్దులకు ఏనాడూ వేసింది లేదు.

అనంతపురం నుంచి వచ్చిన మేస్త్రీ బావి చూసి, "పైపు అడుగంటా దింపాలప్పా. చుక్క మిగలకుండా లాగుతాది" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం కడవలు గుర్తొచ్చాయి.

ఎండాకాలం కూలివాళ్ల వాడంతా ఆ బావి మెట్లు దిగే కడవలు ముంచుకునేది. నీళ్లు అడుగుకు పోతే బాన మునగదు, కపిల ఆగిపోతుంది. మిగిలినవి కడవల నీళ్లు. అది మా మంచితనం అనుకునేవాళ్లం గానీ, నిజానికి బాన చేతగానితనం. ఇంజనుకు ఆ చేతగానితనం లేదు. ఎక్కడ ఆగాలో ఇక మేమే చెప్పాలి, అదీ పైపు దింపకముందే.

పైపును కింది మెట్లకు పైనే ఆపమన్నాను.

"ఇంజను కొనింది నీళ్లు దాచిపెట్టేదానికా మే?" అని మా ఆయన గయ్యిమన్నాడు.

"పైరు ఎండితే వానను తిట్టుకో. వాడోళ్ల గొంతు ఎండితే మనల్నే తిడతారు" అని పోయి పైపు మీద కూర్చున్నాను. మేస్త్రీ నవ్వాపుకోలేక బీడీ ముట్టించాడు. పొద్దు నెత్తికెక్కినా నేను లేవలేదు. చివరికి మా ఆయనే విసిగిపోయి పైపు పొట్టిగా కోయించాడు.

ఆ ఎండాకాలమే, రాగి పైరు వెన్ను తీసేటప్పుడు, నీళ్లు పైపు మూతికి అందక ఇంజను గాలి పీల్చి ఆగిపోయింది. కోసిన ముక్కను మళ్లీ అతికిస్తానని ఆయన దాన్ని భుజాన వేసుకుని బావికి పోయాడు. ఈసారి నేను అడ్డుపడలేదు, వెనకే నడిచాను. ఎండుతున్న పైరు నాదీ కదా.

మెట్ల మీద ఆడవాళ్లు కడవలు అందించుకుంటున్నారు. అడుగున నిండుచూలాలు ఒకామె వంగి ముంచుతోంది, మా పొలంలో కలుపు తీసే మనిషే. పైపు చూసి, "రా అన్నా, మేం పైకి పోతాంలే" అంది. ఆయన ముక్కను అక్కడే దించి, ఆమె చేతిలోని కడవ అందుకుని పైకి తెచ్చాడు. ఆ ఏడు రాగులు సగమే వచ్చాయి.

మరుసటి ఏడు బత్తలపల్లెలో మా ఆడబిడ్డ వాళ్లు ఇంజను కొంటే, బిగించడానికి ఈయనే పోయాడు. తిరిగొచ్చాక ఏమైందని అడిగాను.

"పైపు పొట్టిగా కోయించినా. బావ నామీద ఎగిరినాడు. ఈ తెలివి ఎవురిదప్పా అన్నాడు."

"ఏం చెప్పినావు?"

"నాదే అని చెప్పినా."

నా తెలివిని నా ముందే దర్జాగా మింగేశాడు. కోపంతో ఊగిపోవాల్సినదాన్ని, సంతోషం పట్టలేక ఏడ్చేశాను.