పిల్లి కాదు, చేప

మా మేనత్త ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సు. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే స్టీలు ట్రే, చిన్నపిల్లలందరికీ వచ్చిన అదే పాట. పుండుకు అంటుకుపోయిన గుడ్డను సెలైన్‌తో తడిపి, అది నానగానే గొంతెత్తేది.

"కొండమీద వాన కురిసె, వాగులోన పిల్లి మురిసె..."

"పిల్లి కాదు సిస్టర్, చేప!" అని బల్ల మీది మనిషి అరిచేసరికి గుడ్డ ఊడి ట్రేలో ఉండేది.

"అవునా? నా మతిమరుపు మండా!" అనేది అత్తయ్య. మర్నాడు మళ్లీ పిల్లే మురిసేది. కాలు కాలిన వడ్రంగి ఒకాయన పదకొండు రోజులు ఓపిగ్గా దిద్ది, చివరికి 'చేప' అని చీటీ రాసి గోడకు అంటించి మరీ వెళ్లాడు.

అలాంటి మనిషికి దవడ పన్ను పుచ్చింది. తీయించుకోవడానికి వెళ్లి, సూది చూసి రెండుసార్లు కుర్చీలోంచి లేచి వచ్చేసింది. మొదటిసారి మెడకు కట్టిన పచ్చగుడ్డతో సహా. మూడోసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"ఇవాళ కూడా పారిపోతే చీము ఎముకకు పాకుతుందమ్మా" అన్నాడు పళ్ల డాక్టరు.

"ఇన్ని వేలమందికి సూది పొడిచావు కదా అత్తయ్యా!" అన్నాను.

"పొడవడం వేరు, పొడిపించుకోవడం వేరు. నువ్వు నోరు మూసుకుని పాడు."

"నోరు మూసుకుని ఎలా పాడను?"

"పాడవే తల్లీ!"

క్లాసులో హాజరు పలకడానికే నాకు చెమటలు పడతాయి. సూది దగ్గరికి వస్తోంది. కళ్లు మూసుకుని, అక్షరం పొల్లుపోకుండా పాడాను. వాగులోన చేప మురిసె.

అత్తయ్య డాక్టరు చెయ్యి పక్కకు తోసేసింది.

"సరిగ్గా పాడతావేమిటే మొద్దూ! తప్పు పాడు. దిద్దడానికి నాకేమన్నా మిగల్చు!"

ఇన్నేళ్లుగా ఆ వాగులో పిల్లి ఎందుకు మురుస్తోందో నాకప్పుడు అర్థమైంది.

ఆవిడ మళ్లీ నోరు తెరిచింది. పిల్లి అంటే లాభం లేదు, అది ఆవిడ సొంత తప్పు. కొత్త జంతువు కావాలి. నా ఎం.ఏ. చదువు మొత్తం వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"వాగులోన... గేదె మురిసె!"

"ఆఁ! ఆఁఆఁ!" అత్తయ్య తెరిచిన నోటితోనే కేకలేస్తూ నా మీదకు వేలెత్తింది.

"సూది అయిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత పన్ను పెద్దగా పేచీ పెట్టలేదు.

ఇంటికి వచ్చేదాకా దూది కరిచిపెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే దూది తీసి, ఇంకా మొద్దుబారి ఉన్న నాలుకతో మొదలుపెట్టింది.

"గేదె ఏంటే? అంత చిన్న వాగులో గేదె దిగితే నీళ్లేం మిగులుతాయే?"

"నా మతిమరుపు మండా, అత్తయ్యా!" అన్నాను.