కనబడని విమానానికి కరెక్టు రంగు

ఆ రోజుల్లో నాకో పిచ్చి నమ్మకం ఉండేది: సినిమాలో ప్రతి వస్తువునూ జనం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారని. (జనం చూసేది హీరోని. మిగతావన్నీ ఆయన వెనక ఖాళీగా కనబడకూడదని పెడతారు. ఈ సంగతి ఫిల్మ్‌నగర్‌లో టీకొట్టు వాడికి కూడా తెలుసు, నాకే తెలియదు.) కృష్ణానగర్‌లో డాబా మీది గదిలో అద్దెకుంటూ, ఒక ఆర్ట్ డైరెక్టర్ దగ్గర అందరికన్నా చిన్న అసిస్టెంటుగా పనిచేసేవాణ్ని. ఎర్రగడ్డలో రంగుల దుకాణం ఉన్న మా మేనమామకి ఈ కొలువంటే బొత్తిగా గౌరవం లేదు. "గీ సినిమాల నీ పని తెర మీద సూపియ్‌రా. సూపిస్తే నోరు మూస్కుంట. లేకుంటే సప్పుడు చేయకుండ వచ్చి దుకాణంల కూసో" అని అమ్మ ముందే తేల్చేశాడు. అమ్మ కూడా తలూపింది. నాకేమో ఆ దుకాణం తలుచుకుంటేనే నీరసం వచ్చేది.

మాకు తగిలిన సినిమా యుద్ధం కథ. పాతకాలపు యుద్ధవిమానంలో పైలట్ కూర్చునే చోటు ఒక్కటే ప్లైవుడ్‌తో మోడల్ చేయాలి. మిగతా విమానం, ఆకాశం, శత్రువులు అన్నీ గ్రాఫిక్స్. డైరెక్టర్ గారిని మేం చాటుగా 'సహజత్వం గారు' అనేవాళ్లం. "లోపలి రంగు అచ్చం ఆనాటిదే ఉండాలండీ. ఇసుమంత తేడా వచ్చినా ఒప్పుకోను" అన్నారాయన. (అదే సినిమాలో హీరో ఒంటిచేత్తో యుద్ధట్యాంకును తిరగేస్తాడు. అది సహజం.)

రంగు వెతికే పని నాకు అప్పగించారు. మ్యూజియం ఫొటోలు చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో రంగు. విమానాల బొమ్మలు చేసుకునే పెద్దమనుషులు ఇంటర్నెట్‌లో దీని కోసం జుట్లు పట్టుకుంటున్నారు. ఎండకు వెలిసిందని ఒకరు, కాదు, ఫొటోయే మోసం చేస్తోందని ఇంకొకరు. చివరికి నాకు అర్థమైందేమిటంటే, తుప్పు పట్టకుండా వేసే పసుపుపచ్చ ప్రైమర్‌లో నలుపు కలిపితే వచ్చే ఒక దిగులు ఆకుపచ్చ అది. మామ దుకాణంలోనే కలిపాను. ఆయన డబ్బాలోకి తొంగిచూసి, "ఏందిర గిది, పాసిపోయిన గోంగూర లెక్కున్నది!" అని ముక్కు మూసుకున్నాడు. అయినా ప్రాణం ఊరుకోక, నన్ను పక్కకి నెట్టి, కర్ర లాక్కుని తనే తిప్పాడు. ఆ రంగు పూసిన చెక్కముక్కల్ని డాబా మీద ఎండబెట్టి, మబ్బులో ఎలా ఉందో, ఎండలో ఎలా ఉందో చూసుకుని మురిసిపోయేవాణ్ని. తర్వాత పెళ్లిచూపుల్లో కూడా నేనంత పరీక్షగా చూడలేదు.

షూటింగ్ రోజు మోడల్ వెనక నీలం గుడ్డ కట్టారు. గుడ్డ ఏ రంగులో ఉంటే ఆ రంగునల్లా గ్రాఫిక్స్ వాళ్ల కంప్యూటర్ మింగేసి, అక్కడ ఆకాశం పెడుతుంది. మా విమానం లోపలంతా ఆకుపచ్చ కాబట్టి గుడ్డ నీలమే ఉండాలి. హీరో గారి వెంట వచ్చిన సిద్ధాంతి గారు దాన్ని చూసి గుండెలు బాదుకున్నారు. "అయ్యయ్యో! బాబు గారికి ఈ ఏడాది నీలం పనికిరాదండీ!"

అంతే, నీలం దిగిపోయి ఆకుపచ్చ గుడ్డ ఎక్కింది. "సార్, మన విమానం కూడా పచ్చగానే ఉంది. మాయమైపోతుంది సార్" అన్నాను సహజత్వం గారి చెవిలో. ఆయన హీరో వైపు చూసి, నా వైపు చూసి, "ఆ మాట నువ్వెళ్లి బాబు గారితో చెప్తావా?" అన్నారు. నేను వెళ్లలేదు. (మీరైనా వెళ్లరు.) "ఏం పర్లేదు, సీజీలో చూసుకుందాం" అన్నారు కెమెరామన్. (సీజీ అంటే ఆ గ్రాఫిక్స్ పనే.) ఫిల్మ్‌నగర్‌లో ఆ మాట వచ్చాక ఇక చర్చ ఉండదు.

సీజీలో చూశారు. విమానం లేదు. ఆకాశం నడిమధ్యన హీరో గారు కూర్చున్న భంగిమలో, పిడికిళ్లు బిగించి దూసుకుపోతున్నారు. ముందు రెండు నల్లటి మీటర్లు మాత్రం గాలిలో తేలుతున్నాయి. జూబ్లీహిల్స్ ఆఫీసులో అందరూ హీరో గారి మొహం వైపు తిరిగారు. నా పని అయిపోయిందనుకున్నాను. హీరో గారు ఒక్కసారిగా లేచి, "అదిరిందయ్యా! అసలు విమానం ఎందుకు? ఫ్యాన్స్‌కి పూనకాలే!" అన్నారు. "నేను మొదట్నుంచీ అనుకున్నది ఇదేనండీ. ఎంత సహజంగా ఉందో!" అన్నారు సహజత్వం గారు. మీటర్లు కూడా తుడిపించేసి, దాన్నే ఇంటర్వెల్ సీను చేశారు.

మొదటి ఆటకి మామని తీసుకెళ్లక తప్పలేదు. ఆ సీను రాగానే హాలంతా ఈలలు, ఎగిరే కాగితాలు. మామ కుర్చీ ఎక్కి మరీ ఈల వేశాడు. దిగి చెమట తుడుచుకుని, "ఇగ చెప్పు, నీ పనేది?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "అదే మామా. ఆయన చుట్టూ విమానం ఉండాలె. మనం కలిపిన రంగు వల్లనే మాయమైంది" అన్నాను.

మామ మళ్లీ తెర వైపు తిరిగాడు. "అంటే, హీరోని గట్ల గాలిల లేపింది మన రంగేనారా?" ఆయన మొహం వెలిగిపోయింది. నా భుజం మీద చరిచి, "గింత మంచిగ రంగు కలిపెటోడు సినిమాలల్ల ఎందుకు పాడైతున్నవ్‌ర? రేపటిసంది దుకాణంల కూసో!" అన్నాడు.

కూర్చున్నాను. ఇప్పుడా దుకాణం నాదే. టీవీలో ఆ సినిమా వస్తే మా పిల్లలు హీరోని చూసి చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఆయన చుట్టూ ఉన్న ఖాళీ ఆకాశాన్నే పరీక్షగా చూస్తూ, పసుపు ఒక్క చెంచా ఎక్కువైందేమో అనుకుంటాను.