అలసి కూర్చున్న జాగిలం

వేరుశనగ చేనులో కూలామె శవం దగ్గర వాసన పట్టిన పోలీసు జాగిలం నేరుగా పోయి ఆ చేను ఆసామి ఇంటి గేటు ముందు కూర్చుంది. మనిషి దొరికాడని చెప్పడానికి దానికి నేర్పిన పద్ధతి అదే. అది తెలియక, ఎండకు అలసి కూర్చుందని పోలీసులు చెప్పినట్టే పత్రికలో రాశాను.

రెండేళ్లకు, హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే బస్సులో నా పక్కనున్నాయన ఆ జాగిలాన్ని నడిపిన కానిస్టేబులని మాటల్లో తెలిసింది.

"అలిసిపోతే పండుకుంటాది సార్. కూచుండేది మనిషిని పట్టిచ్చేటప్పుడే," అన్నాడు.

"పైవాళ్లకు చెప్పలేదా?"

"చెప్తి. 'ఏమప్పా, కుక్క నీ చెవిలో చెప్పిందా?' అని నవ్విరి. పేపర్లో గూడా అట్లే ఉండాదని చూపించి, నన్ను ట్రాఫిక్కుకు తోసిరి."

పెనుకొండ దాటినా, అది రాసింది నేనేనని చెప్పలేకపోయాను.

ఆ కేసులో హంతకుడు ఇప్పటికీ 'గుర్తు తెలియని వ్యక్తి'.