పీటబాబాయి పట్టిన కాలు

ఆ బూట్ల కొట్టులో ఆయన్ని అందరూ పీటబాబాయి అనేవారు. అరలోంచి పెట్టె తీసుకోవడానికి లేచినా, మరుక్షణం మళ్ళీ తన పొట్టి పీట మీదే ఉండేవాడు. వచ్చినవాళ్ళ పాదం ఒళ్ళో పెట్టుకుని, బూటు తొడిగి, లేసులు కట్టి, బొటనవేలి దగ్గర నొక్కి చూసేవాడు. “రోజంతా జనం కాళ్ళు పట్టుకునే ఉద్యోగం నాది. మంత్రిగారైనా నా ఒళ్ళో కాలు పెట్టాల్సిందే” అని నవ్వించేవాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు పాదాల వంక చూసి, ఆ తర్వాతే మొహం గుర్తుపట్టేవాడు. ఒకరి మీద చెయ్యెత్తి ఎరగడు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చీపురు భార్య చేతికిచ్చి తను గుమ్మం అవతల నిలబడేవాడు.

బడులు తెరిచే రోజులవి. కొట్టులో కాలు పెట్టే చోటు లేదు. చొక్కా టక్ చేసుకున్న ఒక నడివయసు మనిషి నల్లబూట్లు అడిగాడు. బాబాయే తొడిగాడు.

“బిగుతుగా ఉన్నాయా అండీ?”

“లేదు, బాగానే ఉన్నాయి. కాస్త నడిచి చూస్తాను.”

అలాగే నడవమని చెప్పి, బాబాయి తలుపు పక్కన కూర్చున్న ఒక పాప ముందుకు పీట జరుపుకున్నాడు. పాప బూటుకి ముడి వేస్తున్నాడో లేదో, బిల్లు కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి గావుకేక పెట్టింది.

“బాబాయ్! బిల్లు కట్టకుండా పోతున్నాడు!”

తలెత్తే లోపలే ఆ నల్లబూట్లు ఆయన పక్కనుంచి దాటుతున్నాయి. బాబాయి ఏమీ ఆలోచించలేదు. చెయ్యి చాచాడు, చీలమండ దొరికింది.

ఆ మనిషి నిలువునా ముందుకు పడ్డాడు. అద్దం తలుపు భళ్ళున పగిలింది.

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి ఇంకో నలుగురు. “శభాష్ పెద్దాయనా!” అన్నారెవరో. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. గాజుముక్కల మధ్య ఆ మనిషి మొహమంతా రక్తంతో పక్కకి తిరిగి, తెగిన చేత్తోనే బూటు లేసుల కోసం తడుముకుంటున్నాడు.

“తీసేస్తానండీ... ఇచ్చేస్తాను... తీసేస్తాను...”

ముడి ఊడి రావడం లేదు. బాబాయి మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి ఆ లేసులు విప్పబోయాడు. తను కట్టిన ముడే తనకి అంతు చిక్కలేదు.

ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయారు. పోలీసులు వచ్చి అడిగితే, “ఊరికే పట్టుకున్నానండీ, తూలి పడ్డాడు” అన్నాడు బాబాయి. ఆయనకి గుర్తున్నది అంతే.

మర్నాడు యజమాని పనివాళ్ళందర్నీ పిలిచి బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. “కొట్టు మనదనుకుంటే ఇలా ఉంటుంది. ఇకనించి అందరూ బాబాయిని చూసి నేర్చుకోండి” అంటూ, కొట్టు కెమెరాలో రికార్డయినది తెర మీద చూపించాడు.

బాబాయి చూశాడు. తెర మీద ఆయన చెయ్యి చాచాడు, చీలమండ పట్టుకున్నాడు. అక్కడితో ఆగలేదు. రెండో చెయ్యి కూడా వేసి, పళ్ళు బిగించి, బలం కొద్దీ వెనక్కి లాగాడు. ఆ మనిషి పడిపోయాక కూడా వదల్లేదు.

“మళ్ళీ వెయ్యండి సార్” అన్నాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ అదే.

“నేను లాగాను” అన్నాడు బాబాయి.

“లాగితే ఏమయింది? దొంగ కదా!”

“జత బూట్లకి మనిషి ప్రాణం పోయేది సార్. వీళ్ళకి ఇది నేర్పకండి.”

“అయితే వాకిట్లో నిలబడి సాగనంపమంటావా? ఇవాళ ఒకణ్ణి వదిలేస్తే రేపు ఊరు ఊరంతా తొడుక్కుని పోతుంది!”

“పోతే పోనివ్వండి సార్” అంది కౌంటరు అమ్మాయి. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “అరిచింది నేనే. రాత్రంతా ఆ చప్పుడే చెవుల్లో ఉంది. అతని దగ్గర కత్తే ఉంటే ఇవాళ బాబాయి ఏమయ్యేవాడు?”

యజమాని తెర ఆర్పేశాడు.

ఆ మధ్యాహ్నమే బాబాయి పోలీసుల దగ్గరికి వెళ్ళి, తను లాగానని చెప్పి వచ్చాడు. ఇంట్లో భార్య నెత్తి కొట్టుకుంది. “ఎవరడిగారండీ మిమ్మల్ని? కోరి కొరివితో తల గోక్కుంటారా? అయినా దొంగని పట్టుకోవడం కూడా తప్పేనా?”

“పట్టుకోవడం సంగతి నాకు తెలీదే. నేను ఆ మొహంతో ఉంటానని తెలీదు, అంతే.”

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

ఆ మనిషి బతికాడు. చెంప మీద కుట్లు పడ్డాయి, రెండు వేళ్ళు ముడుచుకోవు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూర్చుని మాట్లాడుకుని, దొంగతనం మీద కొట్టువాళ్ళూ, దెబ్బల మీద అతనివాళ్ళూ పెట్టిన ఫిర్యాదులు రెండూ వెనక్కి తీసుకున్నారు. బాబాయి చూడ్డానికి వెళ్తే అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెచ్చిన పళ్ళు మంచం పక్కన పెట్టి వచ్చేశాడు. కొట్టులో యజమాని చివరికి దిగొచ్చాడు. ఎవరైనా సరుకు పట్టుకుపోతుంటే పిలవండి, మొహం గుర్తు పెట్టుకోండి, చెయ్యి మాత్రం వెయ్యకండి అన్నాడు.

కొన్నాళ్ళకి ఇంకొకడు క్రీడల బూట్ల పెట్టె చంకన పెట్టుకుని చక్కా నడిచాడు. “బాబూ, బిల్లు కాలేదు” అన్నాడు బాబాయి. వాడు పరుగు అందుకున్నాడు. ఎవరూ కదల్లేదు. యజమాని పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

బాబాయి మాత్రం తన చేతుల వంక చూసుకున్నాడు. అవి అప్పటికే ఒడిలోంచి లేచి, ముందుకి చాచి ఉన్నాయి. ఎప్పుడు లేచాయో ఆయనకి తెలియదు.

ఆ సాయంత్రమే యజమానిని అడిగి గోదాములోకి మారిపోయాడు. అక్కడ పెట్టెలు తప్ప మనుషులు ఉండరు.