మేకను పోగొట్టిన పిల్ల

చదవడం వచ్చిన రెండో నెలలోనే స్తమెనకు పుస్తకం మీద కోపం వచ్చింది. అప్పుడామెకు ఏడేళ్లు.

వాళ్లది రొడోప్ కొండల్లో పల్లె. బడిపుస్తకంలో మేకలు కాసే పిల్ల కథ ఒకటుంది. పొగమంచులో మేక తప్పిపోతుంది. ‘మాట వినని పిల్లకు ఆ పూట రొట్టె లేదు’ అని కథ ముగుస్తుంది. అంతకు వారం ముందే స్తమెన కాస్తున్న మేక ఒకటి అలాంటి మంచులోనే లోయలో పడి చచ్చింది. గొంతు పోయేదాకా ఆమె దాన్ని పిలిచింది. ఆ పిలుపు పుస్తకంలో ఎక్కడా లేదు. చివరి వాక్యాన్ని గోటితో గీకితే కాగితం చిరిగింది. పంతులు ఆమెను అందరి ముందూ నిలబెట్టి, ఆ వాక్యాన్నే ముప్ఫైసార్లు చెప్పించాడు.

ఇంట్లో చదువురాని నాయనమ్మ ఆ కథంతా చదివించుకుని వింది.

“ఎవడే ఇది రాసింది? వాడెప్పుడైనా మేకల్ని కాశాడా?”

“తెలీదు నాయనమ్మా.”

“కాసినోడైతే ముందు ఆ పిల్లకి ఇంత రొట్టె పెట్టేవాడు.”

పుస్తకం రాసేదీ మనిషేననీ, ఆ మనిషికి తెలియనివి ఉంటాయనీ స్తమెనకు అర్థమైంది.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఆమె దగ్గరి పట్నంలో పసిపిల్లల బడికి వంటమనిషి. ఒక మధ్యాహ్నం పిల్లలు చిక్కుడుగింజల చారు తాగుతుంటే టీచరు నెవెన కథ చదువుతోంది. చారు వదిలేసిన పిల్లవాడు చిక్కిచిక్కి ఎలుక నోట్లో పడ్డాడట. నాలుగేళ్ల దార భయంతో వాంతి చేసుకుంది. స్తమెన గరిటెతోనే బయటికొచ్చింది.

“ఆపవమ్మా! బెదిరిస్తే తప్ప తాగలేనంత అధ్వాన్నంగా వండానా?”

“పుస్తకంలో ఉన్నదే చదివాను స్తమెనక్కా.”

“వేరేది చదువు.”

“వేరేదేదీ? అన్నీ ఇలాంటివే.”

ఆ ఆదివారం సరుకుల పట్టీల వెనక స్తమెన కాగితం చిరిగేలా నొక్కి కథ రాసింది. అందులోనూ మేక తప్పిపోతుంది. పిల్ల పిలిచి పిలిచి ఏడుస్తుంది. నాయనమ్మ వచ్చి రొట్టె తుంచి పెట్టి, తనూ గొంతు కలిపి పిలుస్తుంది. అంతే.

సోమవారం బడిలో ఆమె దాన్ని పిల్లలకు చదివింది. “మేక దొరికిందా?” అంది దార.

“లేదే తల్లీ.”

“అయితే మళ్లీ చదువు.”

నెవెన దాన్ని టైపు చేసి రాజధాని సోఫియాలో పిల్లల పుస్తకాలు వేసేవాళ్లకు పంపింది. పిలుపొస్తే స్తమెన బస్సెక్కి వెళ్లింది. అక్కడి సంపాదకుడు కాగితాల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

“బాగుందమ్మా. చివర ఒక్క ముక్క కలుపుదాం. అప్పట్నుంచి ఆ పిల్ల బుద్ధిగా ఉంది.”

“అంతకుముందు బుద్ధిగా లేదని ఎవరన్నారు?”

“మేకను పోగొట్టింది కదా!”

“పోగొట్టింది పొగమంచు. చెప్తే దానికి చెప్పండి బుద్ధి.”

“వంటమనిషి నాకు కథలు నేర్పుతుందా?” అని నవ్వాడాయన.

ఆయన చేతి కిందనుంచి కాగితాలు లాక్కుని వచ్చేసింది.

ఆరేళ్లలో మరో తొమ్మిది కథలు రాసింది. చివరికి ప్లోవ్‌దివ్ నగరంలో చిన్న అచ్చుకూటం నడిపే ఒకామె, ఆ బడిలోనే చదివిన పిల్ల తల్లి, మేక కథను వేసింది. స్తమెన పోస్టాఫీసులోనే కట్ట విప్పి, ముందుగా ఆఖరి పేజీ చూసింది. ఎవరూ ఏమీ కలపలేదు.

“సంతోషమా పిన్నీ?” అన్నాడు గుమాస్తా.

“ఏం సంతోషం? ఈ ఆరేళ్లూ మిగతా బళ్లలో పిల్లలు ఆ ఎలుక కథే వింటూ పెరిగారు!”

ఇంటికెళ్లి, కోటైనా విప్పకుండా, నిద్రలో పక్క తడుపుకుని నలుగురిలో తిట్లు తిన్న ఒక చిన్నదాని కథ మొదలుపెట్టింది.