ఎర్రబల్బు వెలుగుతున్నంతసేపు

నా ఉద్యోగ జీవితంలో అది ఆఖరి ఏడాది, ఫిబ్రవరి నెల. రేడియో కేంద్రంలో ముప్పై ఏళ్లు రికార్డింగ్ ఇంజినీరుగా చేసి, అప్పటికి అత్తాపూర్‌లోని ఒక ప్రైవేటు స్టూడియోలో సీనియర్ ఇంజినీరు హోదాలో ఉన్నాను. హోదా పెద్దదే, కింద పనిచేసేవాళ్లే లేరు. శంషాబాద్ పక్కన సాతంరాయిలోని ఒక ఫంక్షన్ హాల్లో బ్లూస్ రాక్ బృందం పెట్టిన మధ్యాహ్నం కచేరీని జనం మధ్యే రికార్డు చేసి, లైవ్ ఆల్బమ్‌గా ఇచ్చే పని నాకు పడింది.

బ్లూస్ రాక్ అంటే సొంత బాధను కరెంటు గిటారు మీద ఊరందరికీ వినిపించడం. గాయకుడు ఇమ్రాన్‌ది శంషాబాదే. విమానాశ్రయంలో కార్గో ఉద్యోగం మానేసి పాడుతున్నాడు. ఈ కచేరీ జనానికి నచ్చకపోతే మళ్లీ కార్గోకే పోతానని తండ్రికి మాటిచ్చాడు. ఆ తండ్రి మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రేడియోలో రికార్డింగు నడుస్తోందని ఎర్రబల్బు వెలిగిందంటే డైరెక్టరు కూడా దగ్గు మింగాల్సిందే. అలవాటు ప్రకారం వేదిక పైన, పాడేవాళ్లకు కనబడకుండా, ఒక ఎర్రబల్బు కట్టాను. బృందం రాకముందే జనానికి గట్టిగా చెప్పాను: అది వెలుగుతున్నంతసేపు చప్పుడు చేయకూడదు. లైవ్ రికార్డింగును పాటకూ పాటకూ మధ్య ఆపరు. కనుక బల్బూ ఆరలేదు.

హాలు వెనకగది కిటికీలోంచి చూస్తూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను మురిసిపోయాను. ఎంత క్రమశిక్షణ గల శ్రోతలు! నా బల్బును లెక్కచేయనివి పైనుంచి దిగే విమానాలే.

వేదిక మీద ఇమ్రాన్ మాత్రం పాటపాటకూ జావగారిపోయాడు. ఆఖరి పాట నిజమైన ఏడుపుతో పాడాడు. అన్నిటికన్నా అదే బాగుంది. అయ్యాక మైకులోనే అన్నాడు.

“ఏందన్నా, ఒక్కరికి గూడ నచ్చలేదా? ఇగ రేపటిసంది కార్గోకే పోతున్న.”

తండ్రి పక్కన కూర్చున్న యాదమ్మ, వాళ్ల ఇంటిపక్క రైతు, లేచి నిలబడింది.

“నచ్చకేంది బిడ్డా! ముందుగాల గా ఎర్రబల్బు ఆర్పుమను. అది వెలుగుతుంటే సప్పుడు చెయ్యొద్దన్నడు సారు. నా చేతులు గుంజుతున్నయ్, జర ఆర్పుమనుండ్రి!”

చేతికందిన స్విచ్ నొక్కి బల్బు ఆర్పేశాను. అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది ఇమ్రాన్ తండ్రి. వెనకనే హాలంతా దద్దరిల్లింది. ఇమ్రాన్ గిటారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను మీటర్ల వైపు చూశాను. ముళ్లు సున్నా దగ్గర ఉన్నాయి. బల్బుకూ రికార్డరుకూ ఒకే స్విచ్ పెట్టింది నేనే. రేడియోలో ఆ ఏర్పాటుకు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

వేరేచోటి చప్పట్లు తెచ్చి అతికిద్దామన్నాను. ఇమ్రాన్ ఒప్పుకోలేదు. శ్రోతలు మంత్రముగ్ధులై మౌనం వహించారని ఆల్బమ్ విన్న ఒక విమర్శకుడు పత్రికలో రాశాడు. మా స్టూడియో దాన్ని ఫ్రేము కట్టించింది.

ఇమ్రాన్ కార్గోకు వెళ్లలేదు. లైవ్ రికార్డింగులో జనం చప్పుడు పనికి అడ్డం కాదు, పనిలో సగం. ఆ సగం ఆల్బమ్‌లో లేదు, విమానాలున్నాయి.